లేని పాదం నొప్పి, ఉన్న మొండి నొప్పి: సభ్యులకు వార్షిక నివేదిక

సభ్యులకు నమస్కారం.

ప్రమాదాల్లో కాలు పోయినవారి కోసం నడిచే మన సంఘానికి ఈ ఏడాది ఎక్కువ సమయం పట్టిన పని ఒక్కటే: నొప్పి ఎక్కడిదో తేల్చడం. ఆపరేషనై ఏళ్లు గడిచినా నొప్పి తగ్గలేదని వచ్చినవారిలో చాలామంది సాకెట్ (తెగగా మిగిలిన కాలు, అంటే మొండి, దూరే కృత్రిమ కాలి గిన్నె) ఒరుపుకు మాత్రలు మింగుతున్నారు, నరాల నొప్పికేమో సాకెట్ మార్పిస్తున్నారు. రెండూ డబ్బు దండగే.

అందుకని ముందు నొప్పి పుస్తకం రాయించాం. ఏ వేళకు, ఎక్కడ, 0 నుంచి 10లో ఎంత, అప్పుడు కృత్రిమ కాలు తొడిగి ఉందా లేదా. రెండు వారాలు రాస్తే చాలు. కాలు విప్పిన కాసేపటికే తగ్గిపోతే ముందు సాకెట్‌నే అనుమానించాలి. మొండి మీద ఒకేచోట వేలితో తడితే కరెంటు కొట్టినట్టు జివ్వుమంటే, తెగిన నరం చివర ముడి కట్టిందేమో, అంటే న్యూరోమా ఏమో, డాక్టరుకు చూపించాలి. లేని పాదం మండుతున్నా, లేని బొటనవేలిని మెలిపెడుతున్నట్టున్నా అది ఫాంటమ్ పెయిన్. పాదం పోయినా మెదడులో దాని చోటు పోలేదు. అది నటన కాదని ఇంట్లోవాళ్లను ఒప్పించడానికే రెండు సమావేశాలు పట్టాయి.

ఫాంటమ్ పెయిన్‌కు అద్దం సాధన నేర్పాం. 1990లలో మెదడు శాస్త్రవేత్త డాక్టర్ వి.ఎస్. రామచంద్రన్ వెలుగులోకి తెచ్చిన పద్ధతి ఇది. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు అద్దం చాలు. అంచులకు టేపు వేయండి. మంచం మీద కాళ్లు చాపుకుని, అద్దాన్ని రెండు కాళ్ల మధ్య నిలబెట్టాలి. అద్దం ముఖం బాగున్న కాలి వైపు, మొండి వెనకాల కనబడకుండా. అప్పుడు బాగున్న కాలి ప్రతిబింబమే లేని కాలిలా కనిపిస్తుంది. పట్టీలు, మెట్టెలు తీసేయాలి. కాలు పోయిన వైపు లేని నగ అద్దంలో కనిపిస్తే మెదడు నమ్మదు. మెట్టెలు తీయడం ఇష్టంలేని ఆడవాళ్లు పల్చటి సాక్సు తొడుక్కుంటే సరిపోతుంది. లేని పాదం ఏ వంకరలో బిగుసుకున్నట్టు తోస్తుందో, బాగున్న పాదాన్ని అదే వంకరలో పెట్టి, అద్దంలోకే చూస్తూ మెల్లగా విప్పాలి. రోజుకు 15 నిమిషాలు, వారానికి 5 రోజులు, 4 వారాలు. టీవీ చూస్తూ చేసినా, అద్దం వదిలి అసలు కాలిని చూసినా ఫలితం ఉండదు. కొందరికి కళ్లు తిరుగుతాయి, ఏడుపొస్తుంది. రెండు మూడు నిమిషాలకు తగ్గించండి. అప్పటికీ నొప్పి పెరుగుతుంటే ఆపేయండి. రెండు కాళ్లూ పోయినవారికి ఇది కుదరదు.

కట్టు విషయంలో పాత తప్పులే. మోకాలి కింద తెగితే 4 అంగుళాల, పైన తెగితే 6 అంగుళాల క్రేప్ బ్యాండేజ్. 8 అంకెలా ఏటవాలుగా చుట్టాలి, కొసన బిగువు, పైకి వచ్చేకొద్దీ వదులు. గాజుల్లా గుండ్రంగా చుడితే రక్తం ఆగి కొస ఉబ్బుతుంది, ఆ మొండి సాకెట్‌లో పట్టదు. నాలుగైదు గంటలకోసారి విప్పి మళ్లీ కట్టండి. మోకాలి కింద దిండు మాత్రం వద్దు. హాయిగానే ఉంటుంది గానీ కీలు వంగిన చోటే బిగిసిపోతుంది.

మాత్రల గురించి ఫార్మసిస్టుతో మాట్లాడించాం. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ నరాల నొప్పికి పెద్దగా పనిచేయదు, ఏళ్ల తరబడి వేసుకుంటే కడుపు, కిడ్నీలు దెబ్బతింటాయి. నరాల నొప్పికి ఇచ్చే గబాపెంటిన్, ప్రీగాబలిన్ డాక్టరు రాస్తేనే. మొదట్లో మత్తు, తూలు ఉంటాయి కాబట్టి రాత్రి బాత్రూంకు వెళ్లేటప్పుడు కర్ర వదలొద్దు. తగ్గింది కదా అని ఒక్కసారిగా మానేయకూడదు. డాక్టరు చెప్పినట్టు కనీసం వారం పాటు దించుకుంటూ రావాలి. కిడ్నీ జబ్బు ఉంటే ముందే చెప్పండి.

నష్టపరిహారం సంగతి క్లుప్తంగా. రోడ్డు ప్రమాదమైతే, జరిగిన 6 నెలల్లోపు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో (పరిహారం తేల్చే కోర్టు) పిటిషన్ వేయాలని చట్టం. 2025లో వచ్చిన నగదురహిత చికిత్స పథకం 1.5 లక్షల రూపాయల వరకు, ప్రమాదం నుంచి 7 రోజులకే. ఆ తర్వాతి మందులు, కట్లు, సాకెట్ మార్పిడి ఖర్చు పిటిషన్‌లో విడిగా అడగాలి. తేదీ ఉన్న ప్రతి బిల్లూ దాచండి.

వచ్చే సమావేశానికి నొప్పి పుస్తకం, వాడుతున్న మాత్రల అట్టలు, సాకెట్ లోపల మొండికి తొడిగే సాక్సులన్నీ తీసుకురండి. పొద్దున ఎన్ని, సాయంత్రం ఎన్ని తొడుగుతున్నారో కూడా రాసుకుని రండి. సాక్సులు పెంచుతూ పోవాల్సి వస్తోందంటే మొండి సన్నబడిందని, కొత్త సాకెట్ కొలతకు వేళైందని అర్థం.