ఈగల్ ర్యాంకుకు అంత తొందర ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో మన పిల్లలు ఈగల్ స్కౌట్ (స్కౌట్లలో అత్యున్నత ర్యాంకు) అయ్యారన్న వార్తలు చదివితే ఎంతో సంతోషం. కానీ ఆ వార్తల్లో వయసు మాత్రమే పెద్ద అక్షరాల్లో కనిపిస్తోంది. చిన్న వయసులో వస్తే గొప్ప అన్న పోటీ తల్లిదండ్రుల్లో పెరగడానికి అదీ ఒక కారణం.

'స్కౌటింగ్ అమెరికా' సంస్థలో (2025 దాకా దాని పేరు బాయ్ స్కౌట్స్ ఆఫ్ అమెరికా) స్కౌట్, టెండర్‌ఫుట్, సెకండ్ క్లాస్, ఫస్ట్ క్లాస్ అనే తొలి ర్యాంకులను చురుకైన పిల్లలు త్వరగానే దాటేస్తారు. ఆపైన అలా కుదరదు. ఫస్ట్ క్లాస్ అయ్యాక కనీసం 4 నెలలకు స్టార్, మరో 6 నెలలకు లైఫ్, ఇంకో 6 నెలలకు ఈగల్. స్టార్ నుంచి ట్రూప్‌లో (స్కౌట్ల దళంలో) ఏదో ఒక బాధ్యత మోయాలి. ఈగల్‌కు 21 మెరిట్ బ్యాడ్జీలు (ఒక్కో విషయం నేర్చుకున్నందుకు ఇచ్చేవి), ఒక సేవా ప్రాజెక్టు కూడా కావాలి. వీటన్నిటికీ 18వ పుట్టినరోజు దాకా గడువుంది.

ప్రాజెక్టులో పిల్లవాడే పథకం వేసి, ఇతరులను నడిపించాలి. ఒకచోట తండ్రి కొలతలు తీసి, కలప కోయించి, పనులు పురమాయిస్తుంటే, కొడుకు స్క్రూలడబ్బా పట్టుకుని పక్కన నిలబడ్డాడు. చూసి మనసు చివుక్కుమంది. రేపు ర్యాంకు ఇచ్చేముందు ప్రశ్నించే రివ్యూ బోర్డులో పెద్దలు 'పనిలో ఎవరైనా ఎదురుతిరిగితే ఏం చేశావు?' అని అడిగితే వాడేం చెబుతాడు? ఆ బోర్డులో తల్లిదండ్రులకు చోటుండదు.

ఇకపై ఇలాంటి వార్త వేసినప్పుడు, ఆ పిల్ల లేదా పిల్లవాడు ఏ ప్రాజెక్టు చేశారో, ఎవరికి ఉపయోగపడిందో రెండు వాక్యాలు రాయించండి.

— ఒక స్కౌట్ తండ్రి, అమెరికా