కడుపు పుండు మందుల కిట్‌లో తెలుగు కాగితం ఉండాలి

సంపాదకులకు,

నమస్కారం. నిరుడు సంక్రాంతి వెళ్లాక మా వారికి కడుపులో మంట పట్టుకుంది. కొన్నాళ్లు గ్యాస్ మాత్రలతో నెట్టుకొచ్చాం. తగ్గకపోయేసరికి ఎండోస్కోపీ చేయించాం. పుండు ఉందని, దానికి మూలం హెలికోబాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా అని తేలింది. 14 రోజుల కిట్ రాశారు. మందుల షాపులో రోజుకో అట్ట చొప్పున లెక్కపెట్టి, "పొద్దున మూడు, రాత్రి మూడు" అని కవర్లో వేసి ఇచ్చారు. రెండు రకాల యాంటీబయాటిక్స్, ఒక గ్యాస్ మాత్ర కలిసిన అంత బరువైన మందుకు మాకు అందిన సూచన ఆ నాలుగు మాటలే. అట్ట మీద ఉన్నదంతా ఇంగ్లీషు.

ఆయన షుగర్‌కి గ్లిమెపిరైడ్ వేసుకుంటారు. వేరే మందులేమైనా వాడుతున్నారా అని ఎవరూ అడగలేదు, చెప్పాలని మాకూ తోచలేదు. నాలుగో రోజు రాత్రి రెండింటికి నన్ను తట్టి లేపారు. బనీను తడిసి ఒంటికి అతుక్కుపోయింది, చేతులు వణుకుతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. మిషన్‌తో చూస్తే షుగర్ 52. గ్లాసు నీళ్లలో పంచదార కలిపి తాగించాను. ఆ గ్లాసు ఆయన పళ్లకి తగిలి టకటకలాడిన చప్పుడు ఇంకా నా చెవిలోనే ఉంది.

మర్నాడే కిట్ ఆపేశాం. అప్పటికే మంట తగ్గింది. పైగా నోరంతా చేదెక్కి, కాఫీ తాగినా ఇనుము నాకినట్టుందని ఆయన విసుక్కుంటున్నారు. పీడ విరగడైందనుకున్నాం. మూడు నెలలు తిరక్కుండానే మంట మళ్లీ వచ్చింది. పరీక్షలో బ్యాక్టీరియా అలాగే ఉంది.

ఈసారి చూసిన డాక్టరుగారు ఓపిగ్గా విడమరిచి చెప్పారు. కిట్‌లోని రెండు యాంటీబయాటిక్స్‌లో ఒకటైన క్లారిత్రోమైసిన్ కొన్ని రకాల షుగర్ మాత్రల బలాన్ని పెంచుతుందట. ముందే తెలిసి ఉంటే షుగర్ మాత్ర మోతాదు సర్ది, రోజూ చూసుకుంటూ 14 రోజులూ పూర్తి చేయించేవాళ్లమన్నారు. సిమ్వాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మాత్రతో కలిపి ఈ మందు అసలు వాడకూడదట, కండరాలు దెబ్బతింటాయి. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు, గుండె లయలో తేడా ఉన్నవాళ్లు కూడా ముందే చెప్పాలి. రెండోదైన అమాక్సిసిలిన్ పెన్సిలిన్ జాతిదే కాబట్టి, ఎప్పుడైనా పెన్సిలిన్ సూది పడక దద్దుర్లో ఆయాసమో వచ్చినవాళ్లు దాని జోలికే వెళ్లకూడదు. ఇవన్నీ రెండు నిమిషాల్లో అడిగి తెలుసుకోగలిగినవే కదా!

కారం తిన్నందుకు, దిగులు పెట్టుకున్నందుకు పుండు పడుతుందని మా అమ్మ కాలంలో అందరూ నమ్మారు. మా మేనమామ పుండు పేరు చెప్పి ఇరవై ఏళ్లు ఆవకాయ ముట్టలేదు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో బారీ మార్షల్, రాబిన్ వారెన్ 1982లో ఈ బ్యాక్టీరియాను పెంచి చూపారు. పుండుకు ఇదే మూలమంటే ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ దాన్ని తానే తాగి జబ్బు తెచ్చుకున్నారు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. కడుపు క్యాన్సర్‌కి కూడా ఇది కారణమవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే తేల్చింది. అంతటి దాన్ని వదిలించే మందు చేతిలో ఉండి కూడా సగంలో పారేస్తున్నాం.

సగంలో ఆపితే చావకుండా మిగిలిన క్రిములు ఆ మందుకు లొంగకుండా తయారవుతాయి. అందుకే ఒకటి కాకుండా రెండు యాంటీబయాటిక్స్ కలిపి, అన్ని రోజులు ఇస్తారు. దగ్గినా తుమ్మినా చీటీ లేకుండా అజిత్రోమైసిన్ కొని మింగే అలవాటు మనది. క్లారిత్రోమైసిన్ దాని తోబుట్టువే. ఒకదానికి లొంగని క్రిమి రెండోదానికీ లొంగడం కష్టం. క్లారిత్రోమైసిన్‌కి లొంగని ఈ బ్యాక్టీరియాను 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త మందులు అత్యవసరమైన క్రిముల జాబితాలో చేర్చింది.

మా వారికి రెండోసారి బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్, గ్యాస్ మాత్ర కలిపి 14 రోజులు రాశారు. డాక్టరుగారు మా ఎదుటే ఒక తెల్లకాగితం మీద తెలుగులో రాసిచ్చారు. గ్యాస్ మాత్ర తిండికి అరగంట ముందు. టెట్రాసైక్లిన్‌కి దగ్గర్లో పాలు, పెరుగు, క్యాల్షియం మాత్రలు వద్దు. కోర్సు అయ్యేదాకా, ఆ తర్వాత మూడు రోజులూ మద్యం తాగకూడదు. బిస్మత్ వల్ల విరేచనం నల్లగా అవుతుంది, నాలుక కూడా నల్లబడొచ్చు, కంగారు పడొద్దు. కానీ తారులా జిగటగా అయి, కళ్లు తిరిగినా, రక్తం కక్కినా అది పుండు నుంచి రక్తస్రావం, వెంటనే ఆసుపత్రికి రావాలి. ఒళ్లంతా దద్దుర్లు, ముఖం వాపు, ఆగని విరేచనాలు ఉంటే ఫోన్ చేయండి, మీ అంతట మీరు ఆపకండి. ఆ కాగితం ఫ్రిజ్ తలుపుకి అతికించాం. అయిదో రోజు విరేచనం నల్లగా అయితే ఆయన వచ్చి ఆ కాగితం చదువుకుని, ఆ పూట మాత్రలు వేసుకున్నారు.

మందు పూర్తయిన నాలుగు వారాలకి, అంతకుముందు రెండు వారాలు గ్యాస్ మాత్ర ఆపి, ఊపిరి పరీక్షో మల పరీక్షో చేయించాలన్న సంగతి కూడా మొదటిసారి మాకెవరూ చెప్పలేదు. మంట తగ్గినంత మాత్రాన క్రిమి పోయినట్టు కాదట.

కేరళలో యాంటీబయాటిక్స్‌ను జాగ్రత్తలు ముద్రించిన నీలం కవర్లలో ఇప్పించే ఏర్పాటు చేశారు. మన రెండు తెలుగు రాష్ట్రాల ఔషధ నియంత్రణ అధికారులు కనీసం ఈ కిట్ల విషయంలో అంత శ్రద్ధ పెట్టాలని కోరుతున్నాను. ప్రతి కిట్‌లో పెద్దక్షరాల తెలుగు కాగితం ఒకటి పెట్టించండి. ఇచ్చే ముందు "ఇంకేం మందులు వాడుతున్నారు, ఏ మందైనా పడదా" అని అడగడం మందుల షాపులకు తప్పనిసరి చేయండి. జిల్లా ఆసుపత్రుల్లో మల పరీక్ష అందుబాటులోకి తెండి. మా ఫ్రిజ్ మీది కాగితం మూడు ఇళ్లవాళ్లు ఫోటో తీసుకుపోయారు. వాళ్లలో ఒకావిడ అప్పటికే ఆరో రోజు మాత్రలు ఆపేసి ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
తెనాలి