జర్మనీలోని కెమ్నిట్స్‌లో నన్ను మళ్లీ నిలబెట్టిన వాళ్లకు

అందరికీ నమస్కారం. క్రచెస్ పక్కన పెట్టి మామూలుగా నడవడం మొదలుపెట్టి ఇవాళ్టికి నాలుగు రోజులు. రెండు నెలలుగా ఫోన్లు చేస్తూ, మెసేజ్‌లు పెడుతూ ఉన్న వాళ్లందరికీ ఒక్కొక్కరికీ జవాబివ్వడం నా వల్ల కాలేదు. ఎవరెవరు ఏం చేశారో ఇప్పుడే రాసి పెట్టుకోవాలనిపిస్తోంది. పేర్లు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు. చదివితే ఎవరి సంగతి వాళ్లకు తెలుస్తుంది. తెలుగు రాని వాళ్లకు నేనే కూర్చోబెట్టి చదివి చెబుతాను.

జనవరిలో ఒక మంగళవారం పొద్దున, పడిన వాన పడినట్టే నేల మీద గడ్డకట్టింది. చూడ్డానికి రోడ్డు ఊరికే తడిసినట్టుంటుంది, కాలు పెడితే అద్దం. ట్రామ్ స్టాప్‌కి పది అడుగుల దూరంలో జారి పడ్డాను. కుడి చీలమండ దగ్గర ఎముక రెండు చోట్ల విరిగింది. స్టాప్‌లో ఉన్న ఒకాయన కోటు విప్పి నా తల కింద పెట్టాడు. ఆ చలిలో ఒట్టి స్వెటర్‌తో అంబులెన్స్ వచ్చేదాకా నా పక్కనే మోకాళ్ల మీద కూర్చున్నాడు. స్కూలు బ్యాగు తగిలించుకున్న ఒక అమ్మాయి 112కి ఫోన్ చేసి, ఏ వీధి, ఏ స్టాప్, స్పృహలో ఉందా లేదా అన్నీ తొణక్కుండా చెప్పింది. ఆ రోజు ఆమెకు స్కూలు ఆలస్యమై ఉంటుంది. వాళ్లిద్దరెవరో నాకు తెలీదు, ఈ మాట వాళ్లకు చేరే దారీ లేదు. అయినా మొదటి దండం వాళ్లకే.

ఆసుపత్రిలో ప్లేటు, స్క్రూలు వేశారు. ఇక్కడ ఆపరేషన్‌కు ముందు డాక్టరు, మత్తు డాక్టరు వేరువేరుగా వచ్చి ఏం చేస్తారో, ఏ ప్రమాదాలు ఉండొచ్చో విడమర్చి చెప్పి సంతకం తీసుకుంటారు. నాకున్న జర్మన్ దానికి చాలదు. మా సీనియర్ అన్న నైట్ షిఫ్ట్ దిగి నిద్రపోకుండా నేరుగా వచ్చాడు. ఆ ఫారం నాలుగు పేజీలూ నా పక్కన కూర్చుని తెలుగులో చెప్పాడు. అర్థం కానిచోట డాక్టర్‌నే మళ్లీ అడిగాడు. "నువ్వు అర్థం చేసుకుని సంతకం పెట్టు, నేను చెప్పానని పెట్టొద్దు" అన్నాడు. అన్నా, ఆ మాట నాకు ఎంత ధైర్యమిచ్చిందో నీకు ఇంతవరకూ చెప్పలేదు.

ఖర్చు సంగతి చాలామంది అడిగారు, జర్మనీ వచ్చే వాళ్లకు పనికొస్తుంది కాబట్టి చెబుతున్నాను. ఆపరేషన్ మొత్తం స్టూడెంట్ ఇన్సూరెన్స్‌లోనే అయిపోయింది. ఆసుపత్రిలో ఉన్నందుకు రోజుకు 10 యూరోల చొప్పున ఐదు రోజులకు 50, అంబులెన్స్‌కు 10, మందులకు కొద్దిగా, నా చేతి నుంచి పడింది అంతే. నెలనెలా 140 యూరోల పైన ఇన్సూరెన్స్‌కు కట్టేటప్పుడు ప్రాణం ఉసూరుమనేది. ఇక ఆ మాట అనను.

ఇంటికి రావడమే అసలు కష్టం. మా ఫ్లాట్ మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. ఆరు వారాలు కుడి కాలు నేలకు ఆనించొద్దన్నారు. ఇక్కడ రెండో అంతస్తు ఆవిడ గురించి చెప్పాలి. డెబ్బై దాటిన మనిషి, ఒక్కరే ఉంటారు. నేను చేరిన కొత్తలో చెప్పులు తలుపు బయట వదిలానని, ఆ తర్వాత నా ఫ్రెండ్ సైకిల్ మెట్ల కింద పెట్టాడని రెండుసార్లు పిలిచి చెప్పారు. మంటలు లేస్తే అందరూ దిగాల్సిన దారి అది, అక్కడ ఏ వస్తువూ ఉండకూడదు అన్నది ఆవిడ పట్టుదల. ఆవిడంటే నాకు భయం ఉండేది.

ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు, ఒక్కో మెట్టు మీద కూర్చుని, చేతులు వెనక్కి ఆనించి ఒళ్లు పైకి లాక్కుంటూ ఎక్కుతున్నాను. నా రూమ్మేట్ విరిగిన కాలిని రెండు చేతుల్తో పట్టుకుని నాతోపాటు ఎక్కుతోంది. మొదటి మలుపు దగ్గర ఒక కుర్చీ ఉంది. వంటింటి కుర్చీ, దాని మీద మడత పెట్టిన దుప్పటి. తర్వాతి మలుపులో ఇంకొకటి. ఆ పైన ఇంకొకటి. ఆవిడ ఇంట్లో ఉన్నవే నాలుగు కుర్చీలు, మూడు నా కోసం మెట్ల మీద ఉన్నాయి. చెప్పుల జత ఉంచనివ్వని ఆవిడే. మెట్లు ఎక్కడం అయ్యాక కుర్చీలన్నీ మళ్లీ లోపలికి తీసుకెళ్లిపోయారు. డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిన ప్రతిసారీ, వెళ్లే ముందు కుర్చీలు వచ్చేవి, తిరిగొచ్చాక వెళ్లిపోయేవి. ఆరు వారాల్లో ఒక్కసారి కూడా ఈ క్రమం తప్పలేదు.

మర్నాడే ఇంకో చిక్కు. కాలు కదలకుండా ఉంటే రక్తం గడ్డకడుతుందని రోజూ పొట్టకు ఒక ఇంజెక్షన్ వేసుకోమన్నారు. ఇక్కడ దాన్ని ఇంట్లో మనకు మనమే వేసుకోవాలి. మందు ముందే నింపిన సన్నటి సిరంజిలు, డబ్బాలో వరసగా పేర్చి ఇచ్చారు. మొదటి సాయంత్రం సిరంజి చేతిలో పట్టుకుని చాలాసేపు ఏడ్చాను. రూమ్మేట్ వెళ్లి ఆవిడను పిలుచుకొచ్చింది. అప్పుడు తెలిసింది, ఆవిడ ఈ ఊళ్లోనే ముప్పై ఏళ్లకు పైగా నర్సుగా చేశారని. "నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఈ ఊరి పేరు కార్ల్ మార్క్స్ స్టాట్" అన్నారు. 1990లో పాత పేరు తిరిగొచ్చింది.

ఆవిడ సిరంజి తీసుకోలేదు. నా చూపుడువేలు, బొటనవేలు పట్టుకుని బొడ్డుకు పక్కగా చర్మం మడత పట్టించారు. నిటారుగా గుచ్చు, నెమ్మదిగా నొక్కు, తీసేదాకా మడత వదలకు, తర్వాత రుద్దకు. ఇంతే చెప్పారు. మొదటి మూడు రోజులు ఎదురుగా కూర్చున్నారు. నాలుగో రోజు తలుపు దగ్గరే నిలబడ్డారు. ఐదో రోజు రాలేదు, "అయిందా?" అని కింది నుంచి కేకేశారు. నేనే వేసుకోగలిగాను. ఆవిడే రోజూ వేసి ఉంటే నాకు సుఖంగా ఉండేది. కానీ నేర్పిన చేతికి నేను ఎక్కువ రుణపడి ఉన్నాను.

అప్పటికి క్రిస్మస్ పోయి నెల కావస్తున్నా ఆవిడ కిటికీలో విల్లులా వంగిన కొయ్య దీపాల వరస వెలుగుతూనే ఉంది. ఈ పక్క కొండల ప్రాంతంలో ఫిబ్రవరి 2 దాకా తీయరట. దీపాలు తీసేసే రోజున మా ఇంటికి వచ్చి, ఇక నన్ను 'దూ', అంటే 'నువ్వు', అని పిలువు అన్నారు. జర్మన్‌లోనూ మనలాగే మీరు, నువ్వు ఉన్నాయి. పెద్దవాళ్లు తమంతట తాము అంటేనే 'నువ్వు' అనాలి, అలా అనడం దగ్గరికి తీసుకోవడం. డెబ్బై ఏళ్ల మనిషిని నువ్వు అనడానికి నాకు నోరు రాలేదు. చెబితే, "మీ భాషలో మీరు అనుకో, నా భాషలో నువ్వు అను" అన్నారు. అందుకే పైన అంతా 'ఆవిడ', 'అన్నారు' అనే రాశాను. ఆవిడ ఎదుట మాత్రం నువ్వే.

నేను పార్ట్ టైమ్ చేసే గోదాములో నాతో పనిచేసే టర్కీ అక్కకు కూడా థాంక్స్ చెప్పాలి. పనికి రాకపోతే జీతం రాదని అక్కడి షిఫ్ట్ బాస్ అన్నాడు, నేను నమ్మేశాను. అద్దె ఎలా కట్టాలా అని రాత్రుళ్లు నిద్ర లేదు. నాలుగు వారాలు దాటి పనిచేస్తున్న వాళ్లకు జబ్బు చేస్తే ఆరు వారాల వరకూ జీతం ఇవ్వాల్సిందే, విద్యార్థులకైనా సరే అని అక్కే చెప్పింది. ఊరికే చెప్పి వదలలేదు, ఆఫీసుకు రాయాల్సిన ఉత్తరం ఫోన్‌లో చెబుతూ నాతో రాయించింది. జీతం పూర్తిగా పడింది. పార్ట్ టైమ్ చేసే మన పిల్లల్లో ఇది తెలియని వాళ్లు చాలామంది. దయచేసి తెలుసుకోండి.

ఫిబ్రవరి పరీక్షల్లో రెండు రాయలేకపోయాను. సమయానికి డాక్టర్ సర్టిఫికెట్ ఇస్తే మా కోర్సులో అవి తప్పినట్టు లెక్కపెట్టరని ఎగ్జామ్ ఆఫీసులో ఒకామె మెయిల్ చేసి, గడువు తేదీ బోల్డ్‌లో పెట్టి పంపింది. క్లాసు నోట్సు పంపిన వాళ్లకు, లైబ్రరీ పుస్తకాలు తిరిగిచ్చిన తమ్ముడికి థాంక్స్.

రూమ్మేట్లిద్దరికీ ఏమని చెప్పను? తల స్నానం చేయించారు, కాలికి ప్లాస్టిక్ కవరు చుట్టారు. రాత్రి రెండింటికి లేపినా ఒక్కసారి విసుక్కోలేదు. మా అమ్మ వీడియో కాల్‌లో ఏడుస్తుంటే ఫోన్ తీసుకుని పక్క గదిలోకి వెళ్లి మాట్లాడింది వీళ్లే. నేను వినకూడదని.

ఒక మాట మిగిలింది. మా బిల్డింగ్‌లో చిన్న చెక్క బోర్డు ఒకటి ఉంది. వారానికో తలుపు హ్యాండిల్‌కు తగిలిస్తారు. ఎవరి తలుపుకు ఉంటే ఆ వారం మెట్లు తుడవడం, మంచు పడితే గుమ్మం ముందు తీసి సన్న రాళ్లు చల్లడం వాళ్ల వంతు. మా ఇంట్లో ముగ్గురం వంతులవారీగా చేస్తాం, ఫిబ్రవరిలో నా వంతు రావాలి. రాలేదు. రూమ్మేట్లు చేసేశారనుకున్నాను, వాళ్లూ చేయలేదట. అడిగితే తెలిసింది, బోర్డు మా తలుపు దాకా రాకుండా ఆవిడే తన తలుపుకు రెండో వారం కూడా ఉంచేసుకున్నారు. ఆ వారమే మంచు బాగా పడింది.

నిన్న సాయంత్రం ఫిజియోథెరపీ నుంచి మెట్లెక్కి వచ్చాను. మలుపుల్లో కుర్చీలు లేవు. మా తలుపు హ్యాండిల్‌కు బోర్డు వేలాడుతోంది. ఇప్పుడే బకెట్, గుడ్డ తీసి బయట పెట్టాను. ముందు రెండో అంతస్తు నుంచి మొదలుపెడతాను.