వరికంకుల కుచ్చు దగ్గర పావుగంట

తల్లిదండ్రులకు నమస్కారం.

సంక్రాంతి సెలవులు ముగిశాక మన బడి వరండా చూరుకు వరికంకుల కుచ్చు ఒకటి కట్టించాము. గోదావరి జిల్లాల్లో కోతలయ్యాక ఇళ్ల వసారాల్లోను, గుడి మండపాల్లోను ఇలాంటివి వేలాడదీయడం మీలో చాలామందికి తెలిసినదే. మొదటి మూడు రోజులు ఒక్క పిట్ట కూడా వాలలేదు. తొందరపడి నేల మీద అన్నం మెతుకులు చల్లించడం నా పొరపాటు. కాకులు, పావురాలు, వాటి వెనుకే చీమలు వచ్చాయి. మెతుకులు మానిన తరువాతనే పిచ్చుకలు ధైర్యం చేశాయి.

పిచ్చుక వడ్లగింజను అలాగే మింగదని, ముక్కు అంచున అటూ ఇటూ దొర్లించి, పొట్టు రాల్చి, లోపలి బియ్యపు గింజను మాత్రమే తింటుందని ఆరో తరగతి పిల్లలు కిటికీ చాటునుంచి చూసి రాసుకున్నారు. గొంతు కింద నల్లమచ్చ ఉన్నది మగదని, లేనిది ఆడదని కూడా వారికి తెలిసిపోయింది.

ఇక ఫోటోల సంగతి. ఫోనులో జూమ్ పెంచేకొద్దీ బొమ్మ అలుక్కుపోతుంది కనుక, కుచ్చుకు కాస్త పక్కగా ఒక ఎండుకొమ్మను నిలబెట్టి, దానికి దగ్గరలో ఫోనును కదలకుండా అమర్చి ఉంచితే, మేతకు వచ్చే పిట్ట ముందు ఆ కొమ్మ మీద ఆగి చుట్టూ చూసే క్షణం చక్కగా దొరుకుతుంది. ఉదయపు ఎండ మన వీపు వైపు ఉండాలి. ఫ్లాష్ వాడవద్దు. గూటి దగ్గరకు మాత్రం పిల్లలను వెళ్లనివ్వకండి. తల్లిపిట్ట బెదిరి దూరంగా ఉండిపోతే కూనలకు మేత అందదు. ఇద్దరు పిల్లలు పంజరంలోని రామచిలుక ఫోటోలు తెచ్చారు. అది మన రాష్ట్ర పక్షి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దానిని పంజరంలో పెంచడం నేరమని కూడా వారికి చెప్పవలసి వచ్చింది.

ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో, అంటే ప్రపంచమంతటా చుట్టుపక్కల పక్షులను లెక్కించే కార్యక్రమంలో, మన దేశం 2013 నుంచి పాల్గొంటోంది. ఈసారి మన పిల్లలు ఇంటి పెరట్లోనో, డాబా మీదనో కనీసం 15 నిమిషాలు కూర్చుని లెక్క రాస్తారు. ఒకే గోరువంక పదిసార్లు వచ్చినా పది అని రాయకూడదు. ఒక్క చూపులో ఎన్ని కనిపిస్తే అన్నే. పేరు తెలియని పిట్టను ఊహించి రాయకుండా, ముక్కు, తోక, రంగు వర్ణించి వదిలేస్తే చాలు.

ఇంట్లో మట్టిమూకుడులో నీళ్లు పెట్టేవారు, దోమలు చేరకుండా వాటిని రోజూ మార్చండి. పిల్లల నోటుపుస్తకాలు, తేదీ, సమయం రాసిన ఫోటోలు వచ్చే సోమవారం తరగతి ఉపాధ్యాయులకు అందజేయగలరు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు