అరుపు ముందు, బంతి తర్వాత

కాకినాడ,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ భాస్కరం,

ఎలా ఉన్నావని అడగను. అడిగితే "బానే ఉన్నా" అంటావు, నేను "ఊఁ" అంటాను, ఇద్దరం ఫోన్ పెట్టేస్తాం. నాలుగు నెలలుగా ఇదే తంతు. అందుకే కాగితం తీశాను. మా చిన్నదాని జామెట్రీ బాక్సులో దొరికిన జెల్ పెన్ను ఇది, ఊదారంగని నవ్వకు.

నీకు చెప్పాల్సిన సంగతి ఒకటుంది. నేరుగా మొదలెట్టడం నాకు చేతకాదు, నీకు తెలుసుగా. క్రికెట్ నుంచి వస్తాను.

2023 నవంబరు 19, అహ్మదాబాద్‌లో ఆస్ట్రేలియాతో వరల్డ్ కప్ ఫైనల్. మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో తెర కట్టారు. వరసగా 10 మ్యాచ్‌లు గెలిచొచ్చాం, ఇంక కప్పు ఎక్కడికి పోతుందని కేకు కూడా ముందే తెప్పించి స్టూలు మీద పెట్టారు. రోహిత్ 47 కొట్టి ఊపు మీదుండగా వాళ్ల ట్రావిస్ హెడ్ వెనక్కి పరిగెత్తి క్యాచ్ పట్టేశాడు. కోహ్లీ 54 దగ్గర వాళ్ల కెప్టెన్ కమిన్స్ బంతిని తన వికెట్ల మీదికే ఆడుకున్నాడు. ఇంతమంది జనం నోరు మూయించడంలో ఉన్న తృప్తే వేరని ఆ కమిన్స్ ముందురోజే అన్నాడు, అన్నంత పనీ చేశాడు. 90 వేల పైచిలుకు జనం, చీమ చిటుక్కుమంటే వినపడేలా ఉంది. మా సెల్లార్లో మోటారు చప్పుడు తప్ప ఏమీ లేదు. మనవాళ్లు 240కి ఆలౌట్. వాళ్లకి 47కి 3 వికెట్లు పడ్డాయని కాసేపు ఆశ పడ్డాం. తర్వాత హెడ్ 137 కొట్టాడు. 43 ఓవర్లకే అంతా అయిపోయింది.

తెర మీద మన హైదరాబాద్ కుర్రాడు సిరాజ్ ఏడుస్తున్నాడు, బుమ్రా దగ్గరకు తీసుకుంటున్నాడు. మూడో అంతస్తు రిటైర్డు హెడ్మాస్టరుగారు కండువాతో కళ్లొత్తుకుంటున్నారు. పిల్లలు వెక్కుతున్నారు. నేనా? ఈ కేకు ఇప్పుడు ఎవరింటికి పోతుందా అని చూస్తున్నాను. నిజంరా. లోపల ఏమీ లేదు, ఖాళీ. అందరూ ఏడుస్తుంటే నేనొక్కణ్ణే గుడ్లప్పగించి ఉంటే బాగోదని నేనూ కళ్లు తుడుచుకోబోయాను. అంతకుముందే మిరపకాయ బజ్జీ తిన్న చెయ్యి! ఇంక చూడు, ధారలే ధారలు. హెడ్మాస్టరుగారు నా భుజం మీద చెయ్యేసి "పోన్లేవయ్యా, ఆట కదా" అని ఓదార్చారు. ఇప్పటికీ లిఫ్టులో కనిపిస్తే ప్రేమగా చూస్తారు.

తమాషా ఏంటంటే, ఆ రాత్రి రెండింటికి మెలకువొచ్చింది. సిరాజ్ మొహం. ఇంక నిద్ర పట్టలేదు. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. మా ఆవిణ్ణి లేపి "సిరాజ్ ఏడ్చాడే" అంటే బాగుంటుందా చెప్పు.

మరుసటి ఏడాది జూన్ 29న బార్బడోస్‌లో టీ20 వరల్డ్ కప్ ఫైనల్ 7 పరుగుల తేడాతో గెలిచాం చూడు, అప్పుడు నేను ఇంట్లో ఫోన్‌లో చూస్తున్నాను. ఫోన్‌లో బంతి ఆలస్యంగా వస్తుంది కదా. ఎదురింటి టీవీ దగ్గర అరుపులు, ఈలలు అయిపోయాక నా ఫోన్‌లో సూర్యకుమార్ బౌండరీ దగ్గర క్యాచ్ పట్టాడు. ఊరంతా బాణసంచా కాలుస్తుంటే నాకు ఇంకా రెండు బంతులు మిగిలే ఉన్నాయి. మా ఆవిడ చూసి, "మీకు సరిపోయిన ఫోనే దొరికింది" అంది. నవ్వాను గానీ, తగలాల్సిన చోటే తగిలింది.

మా నాయనమ్మ పోయిన రోజు గుర్తుందా? మా పెద్దత్త రిక్షా దిగింది, బేరమాడి డబ్బులిచ్చింది, చెప్పులు ఓ వారగా విడిచింది, గుమ్మం దగ్గరనుంచి రాగం అందుకుంది. "నన్నొదిలేసి ఎల్లిపోయావా అమ్మా" అని ఒక్కొక్క సంగతీ తవ్వి తీస్తూ శోకం పెట్టింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు వంత. ఓ పది నిమిషాలకి ముక్కు చీది "కాసిని మంచినీళ్లు ఇవ్వండర్రా" అంది. మనిద్దరం పశువుల పాక వెనక్కి పోయి నవ్వుకున్నాం, అంతా నాటకమని. ఇప్పుడలా అనిపించట్లేదురా. ఆవిడ దుఃఖం వచ్చేదాకా కూర్చోలేదు, తనే పోయి పిలుచుకొచ్చింది. వంత పాడినవాళ్లు కూడా సగం మంది తమ తమ చావుల్ని తలుచుకునే ఏడ్చి ఉంటారు. అయితేనేం, పక్కన ఉన్నారు. పదిమందితో చావు పెళ్లితో సమానం అన్నవాడు ఏ ఉద్దేశంతో అన్నాడో గానీ, నాకు మాత్రం ఆ పదిమందిలో ఎక్కడ నిలబడాలో ఎప్పుడూ తెలియదు. పెళ్లిలోనూ అంతే, చావులోనూ అంతే. వంటవాళ్ల దగ్గరికి పోతాను.

పిన్ని పెద్దకార్యం రోజు నేను చేసింది అదేగా. పిన్ని పోయిందని తెలిసిన పూట నీకు వాట్సాప్‌లో ఏం పెట్టానో చూసుకున్నాను మొన్న. "ప్రగాఢ సానుభూతి." ఫ్లెక్సీల మీద రాసేది! సానుభూతి అంటే కలిసి అనుభవించడమట, ఆ మాటలోనే ఉంది. నేనేమో అది టైపు చేసి, రెండు చేతులు జోడించిన బొమ్మ తగిలించి, ఆఫీసుకి పోయాను. పదకొండో రోజు వచ్చి వడ్డనలు చూశాను, ఆకులు లెక్కపెట్టాను. నువ్వు గోడకానుకుని కూర్చుంటే వచ్చి "బూరెలు బాగా కుదిరాయిరా" అన్నాను. నువ్వు తలెత్తి చూశావు. ఏమీ అనలేదు. ఆ చూపు నాలుగు నెలలుగా మోస్తున్నాను.

పోయిన ఆదివారం రైతుబజారుకెళ్లాను. బెండకాయల దగ్గర నిలబడి అలవాటుగా కొస విరిచాను. కొట్టువాడు "విరవకండి సార్" అని కసిరాడు. అంతే. మనం చెరో సంచీ పట్టుకుని పిన్ని వెనకాల నిలబడేవాళ్లం కదా, ఆవిడ టక్ టక్ మని విరుస్తుంటే వాడెవడో తిట్టేవాడు కదా. ముదిరినవి కూడా వదిలేది కాదు, "మనం విరిచినవి మనమే తినాలిరా" అని సంచీలో వేసేది. చేతిలో ఆ విరిగిన కొస పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో. వెనకాల జనం తోసుకుంటున్నారు. "ఎంత తూచమంటారు?" అని అడిగితే రెండు కిలోలని చెప్పబోయాను. మాట పెగల్లేదు గానీ, రెండు వేళ్లు చూపించాను.

ఇంటికొచ్చి స్కూటర్ దిగకుండా కాసేపు సెల్లార్లోనే కూర్చున్నాను. ఈసారి బజ్జీ ఏమీ తినలేదు.

నీకు ఈపాటికి ఏడుపులన్నీ అయిపోయి ఉంటాయి. నాకిప్పుడు మొదలైంది, ఏం చెయ్యను. వచ్చే శనివారం పొద్దున్నే బస్సెక్కి బెజవాడ వస్తున్నాను. ఏమీ మాట్లాడను, ఊరికే కూర్చుంటాను. మీ ఆవిడతో ఒక్క మాట చెప్పు, బెండకాయ మాత్రం వండొద్దని. వారం రోజులుగా వేపుడు, పులుసు, మజ్జిగపులుసు, అన్నీ అవే తింటున్నాం.

నీ
సూరి