మీ పిన్ కోడ్ ఎన్ని ముక్కలవుతుంది?

తల్లిదండ్రులకు నమస్కారం.

ఆరో తరగతి లెక్కల్లో ఇప్పుడు కారణాంకాలు, ప్రధాన సంఖ్యలు నడుస్తున్నాయి. 60, 84 లాంటి చిన్న సంఖ్యల జవాబులు పిల్లలకు నోటికొచ్చు. అందుకే మా లెక్కల టీచర్ ఈసారి ఎవరింటి పిన్ కోడ్ వాళ్లే విడగొట్టమన్నారు. 1972 ఆగస్టు 15న మొదలైన ఈ ఆరంకెల నంబరు ఉత్తరాల కోసం పుట్టింది. చివరి మూడంకెలు ఏ పోస్టాఫీసో చెబుతాయి. అది దేనితో పోతుందో తపాలా శాఖకు అక్కర్లేదు, మాకు కావాలి.

ఖైరతాబాద్ పిల్లల పంట పండింది. 500004లో అంకెలు కూడితే 9, కాబట్టి 9తో పోతుంది. చివర 04 ఉంది గనక 4తోనూ పోతుంది. 36తో భాగిస్తే 13889 వస్తుంది. అక్కడికొచ్చేసరికి చాలామంది పెన్సిళ్లు కింద పెట్టేశారు. ఒకమ్మాయి మాత్రం నోటుబుక్కు అంచున 7, 11, 13 ఒక్కోటీ కొట్టేసుకుంటూ పోయి 17 దగ్గర పట్టేసింది. భాగఫలం 817, అంటే 19 × 43. ఐదు లక్షలు దాటిన సంఖ్య, అందులో 43ని మించిన ప్రధాన కారణాంకం ఒక్కటీ లేదు! మొత్తం కారణాంకాలు 72.

హిమాయత్‌నగర్ వాళ్లకు చుక్కలు కనిపించాయి. 500029 దేనికీ లొంగదు. "ఎందాకా భాగించాలి మేడమ్?" అని ఒకబ్బాయి విసుక్కున్నాడు. ఈ పాఠం మొత్తంలో అడగాల్సిన ప్రశ్న అదే. ఆ సంఖ్య రెండు సంఖ్యల లబ్ధమే అయితే, ఆ రెండూ ఒకేసారి 707 దాటడానికి వీల్లేదు, ఒకటైనా 707 లోపే ఉండాలి. ఎందుకంటే 708 × 708 = 501264, అప్పుడే ఎక్కువైపోయింది. కాబట్టి 707 లోపు ప్రధాన సంఖ్యలతో చూస్తే చాలు. అవి 126. బెంచీల వారీగా పంచుకుని భాగించారు, ఒక్కదానితోనూ పోలేదు. హిమాయత్‌నగర్‌ది ప్రధాన సంఖ్య.

నాకు మాత్రం చార్మినార్ 500002 మీదే మనసు. అది 499 × 499, 501 × 501ల మొత్తం. ఎందుకలా కుదిరిందో మీకు తట్టినా పిల్లలకు చెప్పేయకండి.

ఇక మీకో విన్నపం. ఫోన్‌లో కొడితే కారణాంకాలు క్షణంలో వస్తాయి, ఆ సంగతి పిల్లలకు మనకంటే బాగా తెలుసు. ఈ ఒక్క లెక్కకూ ఫోన్ ఇవ్వకండి. భాగహారం తప్పితే తప్పనివ్వండి, క్లాసులో దిద్దుకుంటాం. ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే భాజనీయతా సూత్రాలు గుర్తుచేస్తే సరిపోతుంది: కూకట్‌పల్లి 500072 అయితే చివరి మూడంకెలు చూసి 8తో పోతుందని చెప్పొచ్చు.

కాగితాలు శనివారంలోగా పంపండి. వాటిని గోడకు అంటిస్తాం కాబట్టి పిన్ కోడ్ తప్ప ఇంటి నంబరు, వీధి పేరు రాయనివ్వకండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు