పొరల సబ్బును ఫ్రీజర్‌లో పెట్టకండి

సంపాదకులకు నమస్కారం.

మీ హస్తకళల పేజీలో పొరల గ్లిజరిన్ సబ్బు గురించి వచ్చిన వ్యాసం చదివాను. త్వరగా గట్టిపడాలంటే ఒక్కో పొర పోయగానే అచ్చును ఫ్రీజర్‌లో పెట్టమన్నారు. దయచేసి ఆ మాట సవరించండి. అలా చేసిన సబ్బు చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ, కోసేటప్పుడో నాలుగుసార్లు వాడాకో పొరకు పొర ఊడి వస్తుంది.

పై పొర అంటుకోవాలంటే కింది పొర పైభాగం ఆ వేడికి కాస్త కరగాలి. చల్లారి బిగుసుకున్న పొర కరగదు. పైగా ఫ్రీజర్‌లోంచి తీయగానే దాని మీద చెమ్మ చేరుతుంది, ఆ తడి రెండు పొరలనూ కలవనివ్వదు.

అందుకే కింది పొర గోరువెచ్చగా ఉండగానే రెండోది పోయాలి. పాల మీద మీగడలా పైన పొర కట్టి, వేలితో తాకితే అంటకుండా, అడుగున ఇంకా వెచ్చదనం తెలుస్తూ ఉండాలి. పలుచని పొరకు ఇది కొద్ది నిమిషాల పని, మందపాటి పొరకు ఎక్కువసేపు పడుతుంది. గడియారం కన్నా వేలిని నమ్ముకోవడం మేలు. పోసే బేసు, అంటే కరిగించి అచ్చులో పోసే తయారీ సబ్బు, 50 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలి. 60 దాటితే మీగడను చీల్చుకుని కిందికి దిగి రంగులు కలిసిపోతాయి. ఆ వేడి సరిగ్గా ఉన్నా ధారగా పోస్తే గుంట పడుతుంది కాబట్టి చెంచా వెనక వైపు మీదుగా జారవిడవాలి.

పోసే ముందు కింది పొర మీద, పోశాక పైన, 70 శాతమో అంతకన్నా ఎక్కువో గాఢత ఉన్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్ స్ప్రే చేయాలి. బుడగలు పగులుతాయి, అతుకు గట్టిగా పడుతుంది. మీ వ్యాసంలో అసలు లేని హెచ్చరిక ఇక్కడే కావాలి: అది మండే ద్రవం. పొయ్యి ఆర్పి, దూరంగా జరిగాకే స్ప్రే సీసా చేతికి తీసుకోవాలి. ఒకవేళ పొర మరీ చల్లారిపోతే ఫోర్కుతో పైన గీతలు గీసి, స్ప్రే చేసి, తర్వాతి పొరను 55 డిగ్రీల దగ్గర పోస్తే చాలావరకు నిలుస్తుంది.

బేసును చిన్న ముక్కలుగా కోసి, వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి, మూతవేసి కరిగించాలి. ఉడకనిస్తే అందులోని నీరు ఆవిరై బేసు చిక్కబడుతుంది, పసుపు తిరుగుతుంది.

చర్మానికి మంచిదని కొబ్బరినూనె కలపమన్నది కూడా పొరల సబ్బుకు పనికిరాదు. నూనె ఎక్కువైతే అతుకూ నిలవదు, నురగా తగ్గుతుంది. సెంటు 500 గ్రాముల బేసుకు 10 గ్రాములు మించకూడదు. సీసా మీద అంతకన్నా తక్కువ పరిమితి ఉంటే అదే పాటించాలి. వెనిల్లిన్ (వెనిలా వాసననిచ్చే పదార్థం) ఉన్న సెంటు తెల్ల పొరను గోధుమరంగుకు తిప్పుతుంది.

రంగుల్లో ఫుడ్ కలర్ వద్దు. అది పక్క పొరలోకి పాకి, కొన్నాళ్లకు తెల్ల గీత గులాబీ అవుతుంది. మైకా (మెరుపునిచ్చే రంగు పొడి), ఐరన్ ఆక్సైడ్ రంగు పొడులు పాకవు. మైకాను ముందుగా కొద్దిపాటి ఆల్కహాల్‌లో కలిపితే ఉండలు కట్టదు. పారదర్శక బేసు బాగా వేడిగా ఉన్నప్పుడు కలిపితే అడుగుకు చేరుతుంది, కాస్త చిక్కబడ్డాక తిప్పితే అంతటా నిలుస్తుంది.

అచ్చును కదపకుండా గది వేడిలోనే రాత్రంతా వదిలేయాలి. కోసేటప్పుడు దిమ్మను పక్కకు పడుకోబెట్టండి, కత్తి అన్ని పొరల్లోనూ ఒకేసారి దిగుతుంది. నిలబెట్టి పైనుంచి నొక్కితే ఒక్కో పొరనూ తోసేస్తుంది. గ్లిజరిన్ గాలిలోని తేమను లాగి సబ్బుకు చెమట పట్టిస్తుంది కనుక కోసిన రోజే పలుచని ప్లాస్టిక్ ఫిల్మ్‌లో బిగుతుగా చుట్టాలి.

ఫ్రీజర్ సంగతీ, ఆల్కహాల్ హెచ్చరికా వచ్చే వారం అదే పేజీలో వేయగలరని కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు